ట్రైలర్ చూసి టికెట్లు బుక్ చేసేవాళ్లకు: జాగ్రత్త, సోమవారం దాకా ఆగండి

పోయిన శనివారం ఐదుగురం ఒక ఇంగ్లీషు సైన్స్ ఫిక్షన్ (సైఫై) సినిమాకెళ్లాం. నేను, మా ఆవిడ, ఏడో తరగతి చదివే మావాడు, బావమరిది, మా అత్తయ్య. హైదరాబాద్‌లో పెద్ద తెర, త్రీడీ, తెలుగు డబ్బింగ్. ఆకాశం నిండా గ్రహాంతరవాసుల ఓడ, కింద కూలిపోతున్న ఊరు, పరిగెత్తే హీరో. ట్రైలర్ చూసి గురువారమే టికెట్లు బుక్ చేసింది నేనే. సినిమా పేరూ థియేటర్ పేరూ అడగొద్దు, చెప్పను. ఈ ఒక్క సినిమాతో పోయేదైతే ఇంత రాసేవాణ్ణి కాదు. ఇదే అచ్చులో ఏటా దిగుతూనే ఉన్నాయి, మనం కొంటూనే ఉన్నాం.

ముందు లెక్క చెప్తా. టికెట్ 350 చొప్పున ఐదుకి 1,750. యాప్ వాడి ఫీజు, దాని మీద జీఎస్టీ కలిపి ఇంకో రెండొందల పైమాట. త్రీడీ కళ్లద్దాలకు వేరే. ఇంటర్వెల్‌లో రెండు టబ్బుల పాప్‌కార్న్, కూల్‌డ్రింకులు, అత్తయ్యకు టీ కలిపి 1,300. మూడున్నర వేలకు చిల్లు పడింది. డబ్బు పోయిందన్న బాధ కంటే, మోకాళ్ల నొప్పులతో రానన్న మనిషిని బతిమాలి తీసుకెళ్లానే అన్నది ఎక్కువ బాధ.

సినిమా మొదలైన ఇరవై నిమిషాలకు ఒక ముసలి శాస్త్రవేత్త వస్తాడు. బల్ల మీద మనవరాలి ఫొటో. దాన్ని ఒకసారి తడిమి, "వచ్చే నెల రిటైర్ అవుతున్నా" అంటాడు. అత్తయ్య కళ్లద్దాలు పైకి నెట్టుకుని, "ఈయన పోతాడు" అంది. పోయాడు. ఇంటర్వెల్‌కి ముందే. అత్తయ్య ఇంగ్లీషు సినిమాలు చూసే మనిషి కాదు, ఆవిడ శిక్షణంతా టీవీ సీరియళ్లలో. అయినా అందిందంటే కథ ఏ స్థాయిలో ఉందో చూసుకోండి.

మావాడు ఇంకో పని చేశాడు. "మనకంత టైం లేదు!" అన్న డైలాగు ఎన్నిసార్లు వస్తుందో వేళ్ల మీద లెక్కపెట్టాడు. పదకొండు. టైం లేదని అరిచిన ప్రతిసారీ ఎవడో ఒకడు హెల్మెట్ తీసి, నాన్నతో తనకున్న గొడవ చెప్పుకుని, కన్నీళ్లు తుడుచుకుని, మళ్లీ హెల్మెట్ పెట్టుకుంటాడు. బయట లేజర్లు. ఇంగ్లీషు సినిమాకు మనవాళ్లు కోసే ఇంటర్వెల్ కథలో ఎక్కడ పడుతుందో దేవుడికే తెలియాలి, మాట మధ్యలో కూడా పడుతుంది. ఈ సినిమాను ఎక్కడ కోసినా తేడా తెలిసేది కాదు.

చివరికి ఏమైందో చెప్పేస్తున్నా, కథ చెప్పేశాడని తిట్టుకోకండి, మీకూ తెలిసిందే. ఓడ మధ్యలో ఒక వెలుగుతున్న గుండె లాంటిది ఉంటుంది. దాన్ని ఒక్క దెబ్బ కొట్టగానే ఊరి మీదున్న వేల యంత్రాలు కరెంటు పోయిన ఫ్యాన్లలా ఆగి రాలిపోతాయి. అన్ని కాంతి సంవత్సరాలు దాటి వచ్చిన నాగరికత బ్యాకప్ పెట్టుకోలేదు. మా కాలనీ అపార్ట్‌మెంట్‌కి కూడా జనరేటర్ ఉంది.

ఇక్కడే ఒక మాట. సైన్సు తప్పులున్నాయని కాదు నా గోడు. శూన్యంలో పేలుడు చప్పుడు వినిపించినా, కాంతి కంటే వేగంగా వెళ్లినా నాకేం అభ్యంతరం లేదు. మాయాబజార్ చూస్తూ లడ్డూలు గాల్లో ఎలా ఎగిరాయని ఎవరైనా అడిగారా? లోకం ఎలాంటిదైనా సరే, అందులో మనిషి మనిషిలా నడుచుకోవాలి. భయపడాల్సిన చోట భయపడాలి, తెలిసినవాడు తెలిసినట్టు మాట్లాడాలి.

2012లో వచ్చిన ప్రొమీథియస్ గుర్తుందా? రిడ్లీ స్కాట్ సినిమా, తెర మీద బొమ్మకు వంక పెట్టలేం. అందులో గుహల మ్యాపు తీసే డ్రోన్లను ఎగరేసేది ఒక భూగర్భ శాస్త్రవేత్త. ఆ గుహల్లో దారి తప్పేదీ అతనే. ఇక జీవశాస్త్రవేత్త, బతుకంతా జీవుల్ని చదివినవాడు, కొత్త లోకంలో పడగెత్తి బుసకొడుతున్న పాములాంటి ప్రాణిని చూసి ముద్దు చేయబోతాడు. మా ఊళ్లో పొలంలో కట్లపాము కనబడితే పదేళ్ల పిల్లాడు కూడా ఆరడుగులు వెనక్కి వేస్తాడు. రచయితకు అక్కడ ఇద్దరు చావాలి, అంతే. వాళ్లు ఎలాంటి మనుషులో, ఏం చదివారో పక్కన పెట్టేశాడు.

1998 నాటి ఆర్మగెడాన్ సంగతి మరీ బాహాటం. భూమి మీదకొస్తున్న గ్రహశకలంలో రంధ్రం వేసి బాంబు పెట్టాలి. దానికి నాసా ఆయిల్ బావులు తవ్వేవాళ్లను పట్టుకొచ్చి వ్యోమగాములుగా తయారు చేస్తుంది. వ్యోమగాములకే డ్రిల్లింగ్ నేర్పడం తేలిక కదా అని దర్శకుడు మైకేల్ బేని అడిగితే నోరు మూసుకోమన్నాడని, అందులో నటించిన బెన్ ఆఫ్లెక్ తర్వాత డీవీడీ వ్యాఖ్యానంలో నవ్వుతూ చెప్పాడు. ఆ సినిమాకు తెర మీద పడ్డ రచయితల పేర్లే ఐదు. ఐదుగురిలో ఒక్కరికైనా ఈ ప్రశ్న రాకుండా ఉంటుందా? వచ్చే ఉంటుంది. అడిగేవాడికి చోటు లేదు, అంతే. ఆ ఏడాది విడుదలైనవాటిలో ప్రపంచంలోకెల్లా ఎక్కువ వసూలు చేసిన సినిమా అది. నేనూ రెండుసార్లు చూశాను, అప్పుడు చదువుకునే వయసు, క్షమించాలి.

అంత డబ్బు పోసినవాళ్లు కథకు నాలుగు రూపాయలు పెట్టలేరా అని నేను చాలా ఏళ్లు అనుకునేవాణ్ణి. డబ్బు కొరత కాదండీ, వరుస తలకిందులు. ముందు విడుదల తేదీ ఖాయమవుతుంది. కొన్నిసార్లు రెండు మూడేళ్ల ముందే. గ్రాఫిక్స్‌కి నెలలు నెలలు పడుతుంది కాబట్టి పోరాటాలు ముందే కంప్యూటర్‌లో బొమ్మలు గీసి ఖరారు చేస్తారు, ప్రీవిజ్ అంటారు దాన్ని. వంతెన కూలాలి, ఓడ దిగాలి, సముద్రం పొంగాలి. ఆ తర్వాత రచయితను కూర్చోబెట్టి, ఈ వంతెన దగ్గర్నుంచి ఆ సముద్రం దగ్గరికి మనుషుల్ని ఎలా తీసుకెళ్తావో నీ ఇష్టం అంటారు. అతను పాపం పరిగెత్తిస్తాడు. "మనకంత టైం లేదు" అన్న మాట నిజానికి ఆ రచయిత గుండెలోంచి వచ్చిందేమో.

దీనికి అచ్చమైన ఉదాహరణ 2009లో వచ్చిన రోబోల సినిమా, ట్రాన్స్‌ఫార్మర్స్ రెండో భాగం. 2007 నవంబర్ 5న అమెరికాలో సినిమా రచయితలు సమ్మెకు దిగారు, 2008 ఫిబ్రవరి 12న విరమించారు. అప్పటికి చేతిలో ఉన్నది కథ చట్రం మాత్రమే. తేదీ మాత్రం కదలదు. సమ్మె నడుస్తుండగా ఆ చట్రాన్ని దర్శకుడు మైకేల్ బేనే సాగదీసి పెట్టుకున్నాడు, సమ్మె అయ్యాక రచయితల్ని హోటల్లో కూర్చోబెట్టి మిగతాది పూర్తి చేయించాడు. ఖర్చు 20 కోట్ల డాలర్లు. ఫలితం తెర మీద చూడొచ్చు. అందులో మన హీరో బృందం వాషింగ్టన్ పక్కనే వర్జీనియాలో ఉన్న విమానాల మ్యూజియంలో ఒక ముసలి రోబోను లేపుతుంది. అది వెనక తలుపు బద్దలుకొట్టి బయటికి నడుస్తుంది. బయట ఏముండాలి? వర్జీనియా పచ్చదనం. ఏముంది? ఎడారి, కొండలు, తుక్కు విమానాలు. ఎవరూ ఇదేంటని కూడా అనరు, అక్కడ్నుంచి ఏకంగా ఈజిప్టుకు మాయమైపోతారు. చార్మినార్ వెనక వీధిలోంచి బయటికొస్తే జైసల్మేర్ వచ్చినట్టు.

ఆ ఏటి చెత్త సినిమాలకిచ్చే ర్యాజీ అవార్డుల్లో సినిమా, దర్శకత్వం, స్క్రీన్‌ప్లే మూడూ దానికే. వసూళ్లు మాత్రం 83 కోట్ల డాలర్ల పైనే. కాబట్టి తప్పు వాళ్లదేనని నేనెలా అంటాను? గురువారం రాత్రి టికెట్లు కొన్నవాణ్ణి నేను. బాగుందో లేదో తెలిసేలోపు డబ్బు కట్టేసే జనం ఉన్నంతకాలం, మొదటి మూడు రోజులకు ట్రైలర్ చాలు, స్క్రిప్టుతో పనేముంది?

సరే, మీరు మోసపోకుండా చూసుకోవాల్సినవి చెప్తా. పోస్టర్ అడుగున చిన్న అక్షరాల్లో పేర్ల గుంపు ఉంటుంది కదా, అందులో రచయితల వరుస చూడండి. హాలీవుడ్ రచయితల సంఘం నిబంధన ఒకటుంది. ఇద్దరి పేర్ల మధ్య మెలిక తిరిగిన ఆంపర్‌సాండ్ (&) గుర్తు ఉంటే వాళ్లిద్దరూ కలిసి కూర్చుని రాశారని అర్థం. అదే "అండ్" అని ఇంగ్లీషులో మూడక్షరాల మాటగా ఉంటే వేర్వేరుగా రాశారని, చాలాసార్లు ఒకరు రాసిందాన్ని ఇంకొకరు తిరగరాశారని. "అండ్"లు రెండు మూడు కనబడితే స్క్రిప్టు చేతులు మారింది. తెర మీద ఎన్ని పేర్లు వేయొచ్చో కూడా పరిమితి ఉంది, కాబట్టి కనబడని చేతులు ఇంకా ఉండొచ్చు. చేతులు మారినవన్నీ చెడ్డవని కాదు, కానీ కథ ఒకటి, సర్దుబాట్లు పది అయినప్పుడు అతుకులు కనిపిస్తాయి.

రెండోది, సమీక్షలు ఎప్పుడొస్తున్నాయి అన్నది. సరుకు మీద నమ్మకం ఉన్నవాళ్లు నాలుగు రోజులు ముందే విమర్శకులకు చూపించి రాయనిస్తారు. విడుదల రోజు దాకా నోరు కట్టేశారంటే అనుమానించండి. ట్రైలర్ సంగతి చెప్పనక్కర్లేదు, 2015 టెర్మినేటర్ సినిమాకు అసలు మలుపే, జాన్ కానర్ యంత్రంగా మారిపోయాడన్న సంగతే, ట్రైలర్‌లో పెట్టేశారు. దర్శకుడికే అది నచ్చలేదు. కొనేవాడికి ఇంకేం మిగిలింది?

గ్రాఫిక్స్ కోసమే వెళ్తాం, కథెందుకు అనే మిత్రులకు ఒక జవాబు. ఎక్స్ మెషినా అని ఒక సినిమా ఉంది. ఒక ఇల్లు, ఇద్దరు మగాళ్లు, ఒక ఆడ రోబో, దాదాపు అంతా గదుల్లో కూర్చుని మాటలే. ఖర్చు సుమారు 1.5 కోట్ల డాలర్లు. 2016లో విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ దానికొచ్చింది, మ్యాడ్ మ్యాక్స్, స్టార్ వార్స్ లాంటి భారీ సినిమాల్ని తోసిరాజని. ఆ పారదర్శకమైన పొట్టలోంచి తీగలు కనబడుతున్నప్పుడు మనం కన్నార్పకుండా చూసేది తీగల్ని కాదు, అది నిజం చెప్తోందా అబద్ధం చెప్తోందా అని. మన దగ్గర 1991లోనే సింగీతం శ్రీనివాసరావు గారు ఆదిత్య 369 తీశారు. ఒక వజ్రం, దాని దొంగతనం చూసిన ఒక పిల్లాడు, ఒక టైం మిషన్. రాయల కాలానికి వెళ్లినా, భవిష్యత్తులోకి దూకినా మనుషులు ఎందుకు వెళ్లారో, ఎందుకు తిరిగి రావాలో మనకు తెలుస్తూనే ఉంటుంది. ఈ మధ్య మన పెద్ద సైఫైల గురించి కూడా నాకు రెండు మాటలున్నాయి కానీ అభిమానులు ఇంటికొస్తారు, ఇప్పుడొద్దు.

ఒకవేళ ఇప్పటికే బుక్ చేసి ఉంటే, మీ యాప్‌లో రద్దు చేసుకునే వీలుందో చూడండి. నా టికెట్లకు లేదు, బుక్ చేసేటప్పుడే అడుగున చిన్నగా రాసి ఉంది, నేను చదవలేదు. కొన్ని థియేటర్లు షోకి కొంత టైం ముందు దాకా కొంత కోత పెట్టి తిరిగిస్తాయి, అన్నీ కాదు. సోమవారం దాకా ఆగితే ఆఫీసులో ఎవడో ఒకడు చూసి వచ్చి ఉంటాడు. చాలాచోట్ల వారం మధ్యలో రేటు కూడా తగ్గుతుంది, మధ్యలో సీట్లు దొరుకుతాయి.

తిరిగొచ్చేటప్పుడు కారులో అత్తయ్య, "బాబూ, ఆ ముసలాయన మనవరాలు ఏమైంది? మళ్లీ చూపించలేదే" అని అడిగింది. ముందు సీట్లో ఉన్న బావమరిది ఫోన్‌లో వెతికి, రెండో భాగంలో చూపిస్తారేమో అన్నాడు. విడుదల తేదీ అప్పుడే ప్రకటించేశారట.