నంది కొండల కింద తెల్ల వైన్, లేపాక్షిలో ఒక రాత్రి

మా బావ గార్లదిన్నె దగ్గర ఒకప్పుడు ద్రాక్ష పెట్టి, గిట్టుబాటు కాక పందిళ్ళు పీకేసి చీనీకి మారిన రైతు. వైనరీ చూసొద్దాం రమ్మంటే, "తెల్ల ద్రాక్షతో తెల్ల వైను, నల్ల ద్రాక్షతో ఎర్ర వైను. దాంట్లో పోయి చూసేదేముందప్పా?" అన్నాడు. అయినా కారెక్కాడు.

ఫిబ్రవరి, బుధవారం. రుచి చూసే పని ఉంది కాబట్టి కారుకి డ్రైవర్‌ని అనంతపురంలోనే మాట్లాడుకున్నాం. ఈ ఒక్క ఖర్చు దగ్గర పిసినారితనం వద్దు. ఆ అబ్బాయి చెప్పిన టైముకంటే ముందే వచ్చాడు, ఎక్కడా తొందరపెట్టలేదు. పెనుకొండ దగ్గర ఉగ్గాని, బజ్జీ తిన్నాం. ఈ ప్రయాణం మొత్తంలో పెట్టిన డబ్బుకు పూర్తి న్యాయం జరిగింది అక్కడే.

అనంతపురం నుంచి 44వ నంబరు హైవే మీద కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం 150 కిలోమీటర్ల పైచిలుకు. ఈ నంది కొండల పక్కన వైన్ ద్రాక్షకు దారి వేసింది 1988లో దొడ్డబళ్ళాపురం దగ్గర తోట మొదలుపెట్టిన గ్రోవర్ వైన్ కంపెనీ వాళ్ళు. మేం వెళ్ళింది మరో చిన్న వైనరీకి. చెప్పుకోవాల్సిన లోపాలు కూడా ఉన్నాయి కాబట్టి పేరు రాయను.

కోత నడుస్తోంది. ఎండ ఎక్కకముందే కోసిన గుత్తులు ప్రెస్‌లో పడుతున్నాయి. లోపల రబ్బరు సంచి లాంటిది గాలికి ఉబ్బి పండ్లను మెల్లగా నొక్కుతుంది. బలం పెట్టకుండానే కారే మొదటి రసం తేలిగ్గా, శుభ్రంగా ఉంటుంది. గట్టిగా పిండేకొద్దీ తొక్క, గింజల వగరు దిగుతుంది. అందుకే రెండిటినీ వేరువేరు ట్యాంకుల్లోకి పంపుతారట. పక్క బుట్టలోంచి బావ ఒక నల్ల పండు తీసి వేళ్ళ మధ్య నలిపాడు. రసానికి దాదాపు రంగే లేదు. ఎరుపంతా తొక్కలో ఉంది. తొక్కతో కలిపి పులియబెడితే ఎర్ర వైన్, ముందే పిండి రసాన్ని ఒక్కదాన్నే పులియబెడితే తెల్లది. ఫ్రాన్స్‌లో నల్ల ద్రాక్షతో కూడా తెల్ల షాంపేన్ చేస్తారు. జార్జియాలో దీనికి సరిగ్గా తలకిందులు. తెల్ల ద్రాక్షను తొక్కలతో సహా భూమిలో పాతిన పెద్ద మట్టి కుండల్లో నెలల తరబడి ఉంచుతారు. కాషాయం రంగు వస్తుంది, నాలుకకు టీ డికాషన్ లాంటి వగరు తగులుతుంది. ఆ పద్ధతిని యునెస్కో 2013లో వారసత్వ జాబితాలో చేర్చింది.

"ముప్పై ఏండ్లు ద్రాక్ష చూసినా, ఇది తెలీదే" అన్నాడు బావ, చెయ్యి పంచెకు తుడుచుకుంటూ.

ట్యాంకుల గది చల్లగా ఉంది. తెల్ల వైన్‌ను సాధారణంగా 12 నుంచి 18 డిగ్రీల మధ్య, నిదానంగా పులియనిస్తారు. వేడెక్కితే ఈస్ట్ ఎగిరెగిరి పని చేస్తుంది, పండు వాసనలు గ్యాస్‌తో పాటు బయటికి పోతాయి. మే నెలలో రాత్రి రుబ్బిన ఇడ్లీ పిండి తెల్లారేసరికి ఏమవుతుందో మన ఇంట్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

అసలు విందు రుచి చూసే బల్ల దగ్గర. ఒకే తోట, ఒకే వియోనియే ద్రాక్ష, రెండు గ్లాసులు. స్టీలు ట్యాంకుది పదునుగా, పచ్చిగా ఉంది. ఓక్ చెక్క పీపాలో పెట్టింది నోట్లో మందంగా, మెత్తగా జారింది. పీపా సుమారు 225 లీటర్లు పడుతుంది. కొత్త చెక్క వెనిలా, కొబ్బరి వాసనలిస్తుంది. అయితే ఆ మెత్తదనం చెక్కది మాత్రమే కాదు. పులిసిన తర్వాత అడుగున పేరుకున్న చచ్చిన ఈస్ట్ మడ్డిని తీసెయ్యకుండా, మధ్యమధ్య కర్రతో కలుపుతూ ఉంచారు. ఆ మడ్డి మెల్లగా కరిగి వైన్‌కు గుజ్జుదనం ఇస్తుంది. దీనికి తోడు ఒక రకం బాక్టీరియా పచ్చి యాపిల్లో ఉండే మాలిక్ ఆమ్లాన్ని పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లంగా మార్చేస్తుంది. పులుపు పదును తగ్గుతుంది. ఆ పనిలో పుట్టే డయాసిటైల్ అనే పదార్థం వల్ల వెన్న వాసన వస్తుంది. మన ఇంటి వెన్నలోనూ ఉండేది అదే. బావ తీర్పు సూటిగా ఉంది: "ఇది పచ్చి మామిడికాయ. అది మజ్జిగ చిలికిన చెంబు."

నా ఓటు మాత్రం మూడో గ్లాసుకి. షెనిన్ బ్లాంక్ అనే తెల్ల ద్రాక్షది, చెక్క తగలనిది, మడ్డి మీద కొన్ని నెలలు ఉంచింది. పులుపూ ఉంది, నోట్లో మందమూ ఉంది. చెక్క ఎక్కువైతే మసాలా దట్టించిన గుత్తివంకాయ సంగతే, వంకాయ ఎక్కడుందో వెతుక్కోవాలి.

లోపాలు చెప్తానన్నాను కదా. గ్లాసులు ఐసులోంచి తీసినంత చల్లగా ఇచ్చారు. అంత చల్లదనంలో వాసన చచ్చిపోతుంది. పీపాలో పెట్టినదైతే పది నిమిషాలు ఆగాకే నోరు విప్పింది. అప్పటికే గైడు తర్వాతి బ్యాచ్ కోసం గడియారం చూస్తున్నాడు. మధ్యాహ్న భోజనం ఖరీదెక్కువ, ఉప్పు తక్కువ. అక్కడ తినకండి, చిక్కబళ్ళాపురంలో తినండి. వారం మధ్యలో పోయి కూడా ఈ తొందరంటే, శని, ఆదివారాల్లో బెంగళూరు జనంతో ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. సీసాలు కొనలేదు. రాష్ట్రం దాటేటప్పుడు చెక్‌పోస్టు దగ్గర టెన్షన్ ఎందుకని.

లేచే ముందు ఒక సీసా బిరడా కింద గాజు పలుకుల్లాంటివి కనిపిస్తే బావ ఉలిక్కిపడ్డాడు. చలికి గడ్డకట్టిన టార్టారిక్ ఆమ్ల లవణపు స్ఫటికాలు, హాని లేదు అన్నాడు గైడు. చింతపండు పులుపూ ఆ ఆమ్లానిదేనట.

రాత్రి లేపాక్షిలో దిగిన లాడ్జి చిన్నది. దుప్పట్లు శుభ్రం, వేడినీళ్ళు ఉదయం ఏడు తర్వాతే. పొద్దున వేలాడే స్తంభం దగ్గర జనం లేకుండా చూడాలంటే అక్కడ ఉండాల్సిందే, ఆ సౌకర్యానికి ఈ ఇబ్బంది సరిపోయింది. భోజనానికి పక్క మెస్‌కు వెళ్ళాం. బావ చారు ఒక గుక్క తాగి, వడ్డించే అబ్బాయిని పిలిచాడు.

"ఏమప్పా, టార్టారిక్ కొంచెం తక్కువైంది."