స్వీట్ హోమ్ కేఫ్: ఒంటిగంటకి మాత్రం వెళ్లకండి

వాషింగ్టన్ డీసీలో 2016లో తెరిచిన ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర, సంస్కృతి మ్యూజియం లోపల ఉందీ కేఫ్. ప్రవేశం ఉచితమే, కానీ టైమ్ వేసిన పాస్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి.

వచ్చినవాళ్లలో చాలామంది నేరుగా లిఫ్టెక్కి కింది చరిత్ర గ్యాలరీలకు దిగిపోతారు. 1400ల నుంచి మొదలుపెట్టి పైకి నడిచొచ్చేసరికి రెండు మూడు గంటలు. బయటపడేది కేఫ్ ఉన్న అంతస్తులోనే కాబట్టి మధ్యాహ్నం అక్కడ కాలు పెట్టడానికి చోటుండదు. పైగా బానిసత్వపు చరిత్ర చెప్పే ఆ గ్యాలరీలు చూశాక ఎవరికి తిండి సహిస్తుంది? ముందు నాలుగో అంతస్తుకెళ్లండి. వంటలు, పాటలు, నాటకరంగం అన్నీ అక్కడే. రాక్ అండ్ రోల్ గాయకుడు చక్ బెర్రీ ఎర్ర కాడిలాక్ కారు కూడా. అవి చూసుకుని పదకొండున్నరకల్లా భోజనానికి దిగండి.

కౌంటర్లు నాలుగు: దక్షిణాది పల్లెలు, క్రియోల్ తీరం (లూసియానా వైపు), ఉత్తర రాష్ట్రాలు, పశ్చిమం. మెనూ మారుతుంటుంది, అందుకని ట్రే పట్టకముందే ఒక చుట్టు తిరిగి రండి. తలా ఒక కౌంటర్ నుంచి తెచ్చి పంచుకుంటేనే ఈ చోటు ఉద్దేశం తెలుస్తుంది.

దొరికితే వదలకూడనిది హాపిన్ జాన్, అంటే అలసందలన్నం. అలసందలు ఆఫ్రికా పంటే. కరోలినాలో వరి పండిందీ బానిసలుగా తెచ్చిన పశ్చిమ ఆఫ్రికా రైతుల నేర్పుతోనే. క్రియోల్ వాళ్ల చిక్కటి పులుసు గంబోకి ప్రాణం నూనెలో వేయించిన పిండి. చాక్లెట్ రంగు వచ్చేదాకా కలుపుతూనే ఉండాలి, కాస్త మాడినా గిన్నెంతా చేదే. అన్నం కలపకముందు పులుసొక్కటే ఓ చెంచా రుచి చూడండి. ఉత్తరాది కౌంటర్లో ఆయిస్టర్ (ఆల్చిప్ప మాంసం) పాన్ రోస్ట్ ఉంటే దాని వెనక థామస్ డౌనింగ్ ఉన్నాడు. 19వ శతాబ్దంలో న్యూయార్క్‌లో పేరుమోసిన హోటల్ నడుపుతూ, పారిపోయి వచ్చిన బానిసలను దాని నేలమాళిగలో దాచినవాడు.

వేయించిన చికెన్ ట్రేలో నిలవుంటే ఆవిరికి పైపొర మెత్తబడుతుంది, కొత్త వాయి వచ్చేదాకా ఆగండి. శాకాహారులు కాలర్డ్ ఆకుకూర చూసి మోసపోవద్దు. పొగబెట్టిన మాంసం వేసి ఉడికించడం ఆనవాయితీ, కాబట్టి అడిగి తీసుకోండి. కారం మన లెక్కకి చప్పనే. ధర మాత్రం మ్యూజియం ధరే.

1960లో నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో తెల్లవాళ్లకే వడ్డించే లంచ్ కౌంటర్ దగ్గర బైఠాయించిన నల్లజాతి విద్యార్థుల ఫోటో గోడంత ఉంది. దానికి ఎదురుగా బల్ల పట్టండి. తర్వాత కిందికి దిగితే అలాంటి కౌంటరే ఉంటుంది: స్టూల్ మీద కూర్చుంటే, ఆ ఉద్యమంలో మీరైతే ఏం చేసేవారని తెర అడుగుతుంది. పెద్ద పిల్లల్ని తప్పక కూర్చోబెట్టండి.