వాషింగ్టనా, జాక్సనా: ముందు ఎవరి జీవితం చదవాలి?

అమెరికా తొలినాళ్ల చరిత్ర మొదలుపెట్టేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఇది. సైన్యం నుంచి వచ్చి అధ్యక్షులైనవాళ్లలో ముందు జార్జ్ వాషింగ్టన్‌ను చదవాలా, ఆండ్రూ జాక్సన్‌నా?

కథ కావాలంటే జాక్సన్‌కు సాటి లేదు. పద్నాలుగేళ్ల వయసులో బ్రిటిష్ సైన్యానికి చిక్కాడు. బూట్లు శుభ్రం చేయమన్న అధికారికి ఎదురుతిరిగి తలమీద, చేతిమీద కత్తి దెబ్బలు తిన్నాడు. ఆ ఏడాదే అన్న, తల్లి జబ్బుచేసి పోయారు. అక్కడినుంచి 1815 జనవరి 8న న్యూ ఆర్లియన్స్‌లో బ్రిటిష్ సైన్యం మీద విజయం దాకా పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు. వాషింగ్టన్ అలా కాదు, బిగదీసుకున్న మనిషి. పైగా అతని యుద్ధాల్లో ఓటములకు కొదవ లేదు.

నన్ను అడిగితే మాత్రం, తుపాకులు ఆగిన తర్వాతి రోజుల్లోనే ఇద్దరూ తేలిపోతారు.

స్వాతంత్ర్య యుద్ధం ముగింపుకొస్తున్న 1783 మార్చిలో, న్యూబర్గ్ శిబిరంలో సైనికాధికారులు జీతాలు రాక రగిలిపోతున్నారు. కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) మీద తిరగబడే మాటలు కూడా నడుస్తున్నాయి. వాషింగ్టన్ ప్రసంగానికి వాళ్లు పెద్దగా కరగలేదు. తర్వాత ఒక ఉత్తరం చదవబోయి, అక్షరాలు ఆనక, జేబులోంచి కళ్లజోడు తీశాడు. ఈ కొలువులో జుట్టు నెరిసింది, ఇప్పుడు చూపూ పోతోంది అన్నాడట. కొందరు కన్నీళ్లు పెట్టుకున్నారు, తిరుగుబాటు ఊసు అంతటితో పోయింది. ఆ డిసెంబరు 23న అన్నాపొలిస్‌లో సేనాని పదవిని కాంగ్రెస్‌కు అప్పగించి ఇంటిదారి పట్టాడు.

జాక్సన్ గెలిచాక కూడా న్యూ ఆర్లియన్స్‌లో సైనిక పాలన ఎత్తేయలేదు. దాన్ని తప్పుపడుతూ పత్రికలో రాసిన శాసనసభ్యుణ్ణి జైల్లో పెట్టాడు. అతణ్ణి హాజరుపరచమన్న జడ్జి డొమినిక్ హాల్‌ను కూడా నిర్బంధించి ఊరు దాటించాడు. సంధి ఖాయమయ్యాక ఆ జడ్జి తిరిగొచ్చి వెయ్యి డాలర్ల జరిమానా వేస్తే, మారు మాట్లాడకుండా కట్టాడు. ఇది అతని పక్షాన చెప్పుకోదగ్గ సంగతే. 1844లో కాంగ్రెస్ ఆ సొమ్మును వడ్డీతో సహా తిరిగిచ్చింది కూడా!

అధ్యక్షుడయ్యాకా అదే ధోరణి. సౌత్ కరొలైనా కేంద్ర చట్టాన్ని ధిక్కరించినప్పుడు ఆ మొండితనమే దేశాన్ని నిలబెట్టింది. 1830 నాటి చట్టంతో ఆదివాసులను సొంత నేలనుంచి వెళ్లగొట్టిందీ అదే. వాషింగ్టన్ మచ్చలేనివాడేమీ కాదు, ఇద్దరూ బానిసలతో సేద్యం చేయించినవాళ్లే. అయితే తన సొంత బానిసలను, భార్య తదనంతరం విడిచిపెట్టాలని వాషింగ్టన్ వీలునామాలో రాశాడు. జాక్సన్ అలాంటిదేమీ రాయలేదు.

అందుకే ముందు వాషింగ్టన్. ఆ కళ్లజోడు ఘట్టం చదివాక న్యూ ఆర్లియన్స్‌కు వస్తే, జాక్సన్ ఎక్కడ గీత దాటాడో ఎవరూ చెప్పనక్కర్లేదు.

సైన్యం నుంచి వచ్చిన అధ్యక్షులు మరో ఇద్దరున్నారు. స్వాతంత్ర్య యుద్ధంలో ట్రెంటన్ దగ్గర భుజానికి తూటా తగిలిన జేమ్స్ మన్రోను దౌత్యం మీద ఆసక్తి ఉంటే చదవండి. విలియం హెన్రీ హారిసన్ పదవిలో నెల రోజులే ఉన్నాడు, అతనికి ఒక వ్యాసం చాలు.