బోరేట్ గాజుకు ఎఫ్‌టీఐఆర్: రెండు ల్యాబ్‌లు, నా అనుభవం

సోడియం బోరేట్ గాజుల (సోడియం, బోరాన్ ఆక్సైడ్లు కలిసిన గాజు) మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. మా కాలేజీలో ఎఫ్‌టీఐఆర్ (పదార్థం ఏ పరారుణ కాంతిని పీల్చుకుంటుందో గీతగా చూపే పరికరం) లేదు కాబట్టి మొదట శాంపిల్‌ను కొరియర్‌లో ఒక ప్రైవేటు ల్యాబ్‌కు పంపాను. పది రోజులకు ఒక పీడీఎఫ్ వచ్చింది. గీతలో 3400 సెం.మీ.⁻¹ (కాంతి తరంగసంఖ్య) దగ్గర పెద్ద గుంట, అంటే అక్కడ కాంతిని పీల్చుకుందని, 1640 దగ్గర ఇంకోటి. గాజులో హైడ్రాక్సిల్ (ఆక్సిజన్-హైడ్రోజన్ జంట) ఉందని రాసేయబోతుంటే మా గైడ్ గారు ఆపారు. "1640 అంటే నీళ్లమ్మా. ఆ తడి గాజుదా, పెల్లెట్‌దా ముందు తేల్చు" అన్నారు. పెల్లెట్ అంటే గాజు పొడిని పొటాషియం బ్రోమైడ్ అనే ఉప్పుతో కలిపి నొక్కిన బిళ్ల. ఆ ల్యాబ్‌కు ఫోన్ చేస్తే బ్లాంక్ పెల్లెట్, అంటే గాజు కలపని ఉత్త ఉప్పు బిళ్ల, తీయలేదన్నారు. డేటా ఫైల్ కూడా ఇవ్వలేదు. డబ్బు పోయిందన్న బాధ కన్నా తప్పు రాసేదాన్నేమో అన్న టెన్షనే ఎక్కువైంది.

ఈసారి బస్సెక్కి ఒక యూనివర్సిటీ పరికరాల కేంద్రానికి నేనే వెళ్లాను. శాంపిల్‌కు 300 రూపాయలు. అక్కడి ఆపరేటర్ గారు పొటాషియం బ్రోమైడ్‌ను ఓవెన్‌లోంచి వేడివేడిగా తీశారు. 200 మిల్లీగ్రాముల్లో 2 మిల్లీగ్రాముల గాజు పొడి వేసి, అగేట్ కల్వంలో గరగర చప్పుడు పోయేదాకా నూరారు. మొదటి బిళ్ల మసకగా వచ్చింది. నేను అడగకముందే దాన్ని విరిచేసి మళ్లీ చేశారు. రెండోది వెలుతురుకు పెట్టి చూస్తే అవతల ఆయన వేలు కనిపించింది. దానికన్నా ముందే బ్లాంక్ తీసి పెట్టుకున్నారు. ఈసారి 3400 దగ్గర గీత దాదాపు చదునుగా వచ్చింది. అంటే ఆ నీళ్లు నా గాజువి కావు.

పోల్చి చూడటానికి క్యారమ్స్ పౌడర్, అంటే బోరిక్ యాసిడ్, కంసాలి దగ్గర తెచ్చిన వెలిగారం కూడా పట్టుకెళ్లాను. రెండూ తీసిపెట్టారు. బోరిక్ యాసిడ్‌లో ప్రతి బోరాన్‌కూ మూడే ఆక్సిజన్లు. 1450 ప్రాంతంలో లోతుగా దిగి, 900–1100 మధ్య దాదాపు ఖాళీగా ఉంది. వెలిగారంలో సగం బోరాన్లకు మూడు ఆక్సిజన్లు, సగానికి నాలుగు. అందుకే దానికి 1000 దగ్గరా 945 దగ్గరా కూడా గుంటలు పడ్డాయి. పుస్తకంలో ఎన్నిసార్లో చదివిన సంగతే, స్క్రీన్ మీద గీత కిందికి దిగుతుంటే చూడటం వేరు. ఆ తర్వాత నా గాజులు పెట్టాం. సోడా (సోడియం ఆక్సైడ్) 10 నుంచి 30 శాతానికి పెరిగేకొద్దీ 850–1100 మధ్య గుంట బలపడుతూ వచ్చింది. బోరాన్ నాలుగో ఆక్సిజన్‌ను కలుపుకుంటోందన్నమాట. 

లోటు లేకపోలేదు. 400 కన్నా కింద కొలవలేరు. స్లాట్లు మంగళ, శుక్రవారాలే. నాలుగు ఆక్సిజన్ల బోరాన్ ఎంత శాతమో కచ్చితంగా కావాలంటే ఎన్‌ఎంఆర్‌కే (అయస్కాంత క్షేత్రంలో పరమాణు కేంద్రకాలను పరీక్షించే పద్ధతి) వెళ్లాలి, అది ఇక్కడ లేదు. అయినా డేటా ఫైల్ అదే రోజు చేతికిచ్చారు, ఏ పీక్ ఎందుకు అనుమానించాలో కూర్చోబెట్టి చెప్పారు. నా వరకు ఐదుకు నాలుగున్నర.

వెళ్లేవాళ్లు పొడిని డెసికేటర్‌లో (తేమ తగలకుండా దాచే పాత్ర) ఉంచి, మూత బిగించి తీసుకెళ్లండి. బ్లాంక్ తీశారా అని ఏ ల్యాబ్‌లోనైనా అడగండి. వచ్చే మంగళవారానికి 35 శాతం సోడా గాజు కరిగించి పెట్టుకున్నాను. అక్కడికే వెళ్తున్నాను.