విశాఖలో జగదాంబ దగ్గర ఫొటో ఫ్రేముల షాపు, 15 మంది రావుల ఫొటోలు కట్టించాక రాస్తున్న రివ్యూ

కొంచెం పెద్ద రివ్యూ ఇది, రేటు మాత్రమే కావాల్సినవాళ్ళకి ముందే చెప్పేస్తా. 12×18 అంగుళాల సైజు, ఫైబర్ బీడింగ్ (చుట్టూ అంచు), లోపల తెల్ల మౌంట్ (ఫొటో చుట్టూ వచ్చే అట్ట), మామూలు అద్దం, కింద పేరు పట్టీ, అన్నీ కలిపి ఒక్కోటి 550. 15 కట్టిస్తే 8,250 అయింది, అడక్కుండానే 7,800 తీసుకున్నారు. వారం అన్నారు, 11 రోజులు పట్టింది. షాపు డాబాగార్డెన్స్ నుంచి జగదాంబ జంక్షన్‌కి వచ్చే దారిలో లోపలి సందులో ఉంటుంది. పేరు రాయట్లేదు, ఎందుకంటే మధ్యలో జరిగిన ఒక పొరపాటు గురించి కూడా చెప్పాలి, అది పూర్తిగా వాళ్ళదే అని కూడా నేననను.

మధురవాడలో మా కాలనీ వాళ్ళం కమ్యూనిటీ హాల్లో ఒక గది తీసుకుని శని ఆదివారాలు పిల్లలకి లైబ్రరీ నడుపుతున్నాం. ఒకరోజు ఎనిమిదో క్లాసు కుర్రాడొకడు జీకే పుస్తకం పట్టుకొచ్చి "ఆంటీ, సి.ఆర్.రావు, యు.ఆర్.రావు, సి.ఎన్.ఆర్.రావు, కె.ఎల్.రావు, వీళ్ళంతా అన్నదమ్ములా?" అని అడిగాడు. పక్కనున్న పిల్లలు నవ్వారు గానీ నాకు మనసులో గుచ్చుకుంది. వాడి తప్పేముంది, స్కూల్ ఫారంలో లాస్ట్ నేమ్ అన్న గడిలో వాడికీ రావు అనే రాసుంది, అంటే వాడి లెక్కలో అదే ఇంటిపేరు. మనకి రావు అన్నది ఇంటిపేరు కాదు కదా, రాజు, రాయ అన్న మాటల్లోంచి వచ్చి పేరు చివర నిలబడిన గౌరవం. అసలు ఇంటిపేరు ముందుంటుంది, అదేమో ఒక్క అక్షరానికి కుదించుకుపోయి పక్కన చుక్క పెట్టుకుని కూర్చుంటోంది. ఆ రాత్రే కూర్చుని లిస్టు రాశా, 15 మంది వచ్చారు, గోడ మీద అందరి ఫొటోలూ పెట్టి కింద ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాయించాలని అనుకున్నా.

ఈ షాపుకే ఎందుకెళ్ళానంటే మూడేళ్ళ క్రితం మా నాన్న ఫొటో ఇక్కడే కట్టించాం. ఆయనా ఒక రావే. అప్పుడు నేనేదో ఏడుపులో పేరు చెప్తుంటే షాపు పెద్దాయన బిల్లు బుక్కు తీసి "ముందు ఇంటిపేరు సెప్పమ్మా" అన్నారు. నాకు ఎందుకో అర్థం కాలేదు, ఫొటో ఉంది కదా ఇంకేం కావాలి అన్నట్టు చూశా. ఆయన మెల్లిగా చెప్పారు, "ఈ ఊళ్ళో నెలకి ఎంతమంది అప్పలరావులు వస్తారో తెలుసేటమ్మా మా దగ్గరికి, ఇంటిపేరు రాసుకోకపోతే ఒకల ఫొటో ఇంకొకల ఇంటికి ఎల్లిపోద్ది, ఆ రోజున అలాటి తప్పు జరగకూడదు కదా." సింహాచలం అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లు మన వైపు ఎన్ని ఉంటాయి చెప్పండి. ఆ మాట నాకు గుర్తుండిపోయింది. ఆయన బిల్లు బుక్కులో ఇప్పటికీ మొదటి గడి ఇంటిపేరుదే, తర్వాత పేరు, తర్వాతే సైజు, అడ్వాన్సు.

పొరపాటు ఎలా జరిగిందంటే, ఈసారి పెద్దాయన ఊళ్ళో లేరు, కంప్యూటర్ దగ్గర కూర్చునే కుర్రాడికి ఇచ్చా. నేను ఫొటోలన్నీ వాట్సాప్‌లో పంపి పేర్ల లిస్టు విడిగా కాగితం మీద ఇచ్చా, ఏ ఫొటో ఎవరిదో రాయలేదు, అది నేను చేసిన తప్పు. అతనేమో పట్టీలు అందంగా ఒకే సైజులో రావాలని ఇంటిపేర్లన్నీ ఒక్కో అక్షరం చేసేశాడు. యు.ఆర్.రావు ఫొటో కింద సి.ఎన్.ఆర్.రావు, సి.ఎన్.ఆర్. ఫొటో కింద యు.ఆర్. వచ్చారు. అన్యాయంగా తిట్టలేను, ఇద్దరూ రామచంద్రరావులే, ఇద్దరూ కర్ణాటక వాళ్ళే. ఒకరు ఉడుపి రామచంద్రరావు, 1975లో మన మొదటి ఉపగ్రహం ఆర్యభట్ట వెనక ఉన్న మనిషి, 1984 నుంచి 1994 దాకా ఇస్రో చైర్మన్. ఇంకొకరు చింతామణి నాగేశ రామచంద్రరావు, కెమిస్ట్రీ ఆయనది, 2014లో సచిన్‌తో పాటు భారతరత్న అందుకున్నారు. అక్కడ ముందున్న ఉడుపి, చింతామణి రెండూ ఊళ్ళ పేర్లు. ఆ ఊరి పేరు తీసేస్తే రాకెట్టు ఎవరిదో రసాయనం ఎవరిదో పిల్లలకి ఎలా తెలుస్తుంది.

ఇంకా పెద్ద గందరగోళం నాగేశ్వరరావుల దగ్గర. నా లిస్టులో ముగ్గురున్నారు. అక్కినేని నాగేశ్వరరావు గారిని చెప్పక్కర్లేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో అమృతాంజనం మొదలుపెట్టి, ఆ డబ్బుతో 1908లో ఆంధ్రపత్రిక పెట్టినాయన, తలనొప్పి వస్తే ఆ పసుపు సీసా కోసం వెతికే ప్రతి ఇంట్లోనూ ఆయన ఉన్నట్టే. పెండ్యాల నాగేశ్వరరావు గారు మ్యూజిక్ డైరెక్టరు, మా అమ్మ వంటింట్లో పాడుకునే పాటల్లో చాలా ఆయనవే. పట్టీల మీద ఎ., కె., పి. అని వచ్చాయి. కె.నాగేశ్వరరావు ఎవరు అని అడిగితే మన కాలనీలోనే ఇద్దరు చెయ్యెత్తుతారు. అలాగే వెంకటేశ్వరరావులు ఇద్దరికీ జి. అని వచ్చింది, అక్షరం కూడా తేడా లేదు, ఒకరు ఘంటసాల, ఒకరు గుమ్మడి! ఇది చూసినప్పుడే నాకో సంగతి తట్టింది, మనవాళ్ళు బాగా ప్రేమించిన మనిషిని ఇంటిపేరుతోనే పిలుచుకున్నారు, ఘంటసాల పాట అంటాం, గురజాడ అడుగుజాడ అంటాం, వెంకటేశ్వరరావు పాట, అప్పారావు అడుగుజాడ అని ఎవరం అనం. ఆ గురజాడ కూడా మన పక్కూరాయనే, 1862లో ఎలమంచిలి దగ్గర రాయవరంలో పుట్టారు.

నాలుగో రోజు వాట్సాప్‌లో ప్రూఫులు పంపారు, చూసి బస్సెక్కి వెళ్ళిపోయా. అప్పటికి పెద్దాయన వచ్చేశారు. నేను గొంతు పెంచక ముందే ఆయన కుర్రాణ్ణి పిలిచి "ఏట్రా ఇది, ఇంటిపేరు లేకుండా మనిషి పేరు ఎలగేసేవు" అని, తన బిల్లు బుక్కు తీసి ఎదురుగా పెట్టారు. ఆ కుర్రాడు కూడా మంచివాడే, నా పక్కన కూర్చుని ఒక్కో ఫొటో చూపిస్తూ ఇదెవరండీ ఇదెవరండీ అని రాసుకున్నాడు, గంటన్నర పట్టింది, మధ్యలో టీ తెప్పించారు. 15 పట్టీలూ మళ్ళీ ప్రింటు తీశారు, రూపాయి అదనంగా తీసుకోలేదు. ఆలస్యమైన 4 రోజులు దీనివల్లే.

ఆ గంటన్నరా నాకు నచ్చినంతగా ఈ మధ్య ఏదీ నచ్చలేదు. సి.ఆర్.రావు అంటే కల్యంపూడి రాధాకృష్ణరావు అని నేను చెప్పగానే కుర్రాడు ఆగి, సి అంటే చౌదరో ఏదో అనుకున్నానండీ అన్నాడు. పుట్టింది కర్ణాటకలోని హడగలిలో అయినా ఆయన మన ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివారు, తర్వాత కలకత్తా వెళ్ళి పాతికేళ్ళ వయసులో, 1945లో రాసిన ఒక్క పేపరుతో స్టాటిస్టిక్స్ పుస్తకాల్లో ఆయన పేరు శాశ్వతంగా ఉండిపోయింది, క్రామర్-రావు, రావు-బ్లాక్‌వెల్ అని ప్రపంచమంతా చదువుతుంది. 2023లో 102 ఏళ్ళకి ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చారు, ఆ ఏడాదే ఆగస్టులో పోయారు. ఇక్కడ చదివిన మనిషి ఫొటో ఈ ఊరి పిల్లల గోడ మీద ఉండాలి, ఈ విషయంలో ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను.

ఎల్లాప్రగడ సుబ్బారావు గారి దగ్గర పెద్దాయన ఆగిపోయారు. భీమవరంలో 1895లో పుట్టి అమెరికా వెళ్ళిన ఆయన నడిపించిన పరిశోధనలోంచే బోదకాలు జబ్బు మాత్ర వచ్చిందని చెప్పా, మనకి ఇంటింటికీ వచ్చి మింగిస్తారే, ఆ డీఈసీ మాత్ర. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. "మా యమ్మకి ఉండేదమ్మా బోదకాలు" అని మాత్రం అన్నారు. ఆ ఫ్రేముకి మాత్రం ఫైబర్ తీసేసి టేకు బీడింగ్ వేశారు, రేటు అదే. నేను వద్దన్నా వినలేదు.

కానూరి లక్ష్మణరావు గారు నాగార్జునసాగర్ ఇంజినీరు, కేంద్రంలో నీటిపారుదల మంత్రిగా చేశారు, పులిచింతల ప్రాజెక్టుకి ఆయన పేరే పెట్టారు. పాములపర్తి, నందమూరి గురించి పిల్లలకి కూడా తెలుసు. మిగిలిన ఇద్దరు మాత్రం నాకు చాలా ఇష్టమైనవాళ్ళు, ఎందుకంటే నేను పిల్లలకి రావు ఇంటిపేరు కాదు అని చెప్తుంటే ఈ ఇద్దరూ అడ్డం వస్తారు. రావు గోపాలరావు గారికి ఇంటిపేరే రావు, ముందూ రావే వెనకా రావే, అందుకే కొడుకు రావు రమేష్ అయ్యారు. మన బొబ్బిలి రాజా వారిదీ అంతే, రావు శ్వేతాచలపతి రామకృష్ణ రంగారావు, 1932లో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వానికి పెద్ద అయినాయన, ఆ వంశం ఇంటిపేరు రావు. ఈ పట్టీ ఒక లైనులో పట్టలేదు, కుర్రాడు రెండు లైన్లు చేశాడు, అక్షరాల సైజు మాత్రం తగ్గించలేదు, అది నాకు చాలా నచ్చింది.

ఇక ఫ్రేముల క్వాలిటీ. మన ఊళ్ళో ఉప్పుగాలికి ఇనుప కొక్కేలు ఏడాదికే తుప్పు పట్టి గోడ మీద ఎర్రటి మరక కారుతుంది, వీళ్ళు స్టీల్ స్క్రూలు, ఇత్తడి కొక్కేలు వాడతారు, నాన్న ఫొటో మూడేళ్ళైనా వెనక చూస్తే కొత్తదానిలా ఉంది. అద్దానికీ ఫొటోకీ మధ్య మౌంట్ ఉండటం వల్ల వానాకాలంలో ఫొటో అద్దానికి అతుక్కోదు, బూజు రాదు. వెనక అట్ట చుట్టూ టేపు సరిగ్గా వేశారు, ఎక్కడా సందు లేదు. నచ్చనిదల్లా అద్దం మెరుపు, మా గదిలో కిటికీకి ఎదురుగా ఉన్న నాలుగు ఫొటోలు పొద్దున పూట కనపడవు, మెరవని అద్దం వాళ్ళ దగ్గర ఉందట, ఒక్కోదానికి 200 ఎక్కువ, ఆ సంగతి ముందే చెప్పి ఉంటే ఆ నాలుగింటికి వేయించేదాన్ని. ఇంకోటి, సందులో బండి పెట్టుకోడానికి చోటు లేదు, సాయంత్రం ఆరు దాటితే జగదాంబ ట్రాఫిక్‌లో ఫ్రేములు పట్టుకుని నడవటం కష్టం, మేం రెండు ఆటోల్లో వేసుకుని వచ్చాం, మధ్యలో పాత దుప్పట్లు పెట్టి వాళ్ళే కట్టి ఇచ్చారు, ఒక్క అద్దమూ పగల్లేదు. ఫోన్‌పే తీసుకుంటారు. 5కి 4 ఇస్తా, ఆ ఒక్కటి ప్రూఫు చూపించేదాకా పట్టీల మీద ఎవరూ కన్నేయనందుకు తగ్గించా.

గోడకి పెట్టిన ఆదివారం పిల్లలు వరసగా నిలబడి పట్టీలు పైకి చదివారు. అన్నదమ్ములా అని అడిగిన కుర్రాడు ఇంటికెళ్ళి వాళ్ళ తాతయ్యని అడిగి తన ఇంటిపేరు కనుక్కుని వచ్చాడు, నోట్‌బుక్ అట్ట మీద రావు ముందు అది కూడా రాసుకున్నాడు. ఆరో క్లాసు పాప మాత్రం అంతా చూసి "అమ్మాయిలెవరూ లేరేంటి ఆంటీ" అంది. నిజమే కదా, మనలో ఆడపిల్లల పేర్ల చివర రావు ఉండదు, తండ్రి పేరో భర్త పేరో ఇంగ్లీషు పద్ధతిలో తగిలించుకుంటే తప్ప. రావుల గోడ అనుకున్నప్పుడు నాకు ఆ ఆలోచనే రాలేదు, తట్టనందుకు బాధేసింది.

అందుకే ఎదురు గోడకి ఇంకో ఆర్డర్ ఇవ్వడానికి మొన్న గురువారం మళ్ళీ వెళ్ళా. మొదటి ఫొటో తీసి పి.సుశీల గారండీ అన్నా. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని, నేను ఇంకేం చెప్పకముందే, బిల్లు బుక్కులో మొదటి గడిలో పులపాక అని రాసి, "ఇజీనారం ఆడపడుచు కదమ్మా, తెలీదేటి" అన్నారు.