ఐదు రూపాయల వడ్డీ స్కీమా, చిట్టీనా, పోస్టాఫీసా: ఏది మేలు?

అనంతపురం, కర్నూలు పక్క శెనక్కాయలు, పత్తి అమ్మిన డబ్బు చేతికొచ్చే రోజుల్లోనే "లక్ష పెడితే నెలకు ఐదువేలు" అంటూ ఏజెంట్లు ఇంటికొస్తారు. వచ్చేది కొత్త మనిషి కాదు. బావమరిదో, పక్కవీధి సారో అయి ఉంటాడు. అందుకే ముందు లెక్క చూడండి.

వందమంది తలా లక్ష కడితే కోటి. ఏజెంట్ల కమీషన్ ఐదు లక్షలు పోతే మిగిలేది 95 లక్షలు. నెలకు పంచాల్సింది ఐదు లక్షలు. ఏ వ్యాపారమూ చేయకపోయినా, కొత్తగా ఒక్కరూ చేరకపోయినా, 19 నెలలు ఠంచనుగా వడ్డీ ఇవ్వొచ్చు. సగంమంది వడ్డీ తీసుకోకుండా అందులోనే వదిలేస్తే 38 నెలలు. "ఏడాదిగా ఒక్క నెలా తప్పలేదు" అన్నమాట దేనికీ రుజువు కాదు. మన అసలే మనకు తిరిగొస్తోంది.

వడ్డీ వస్తున్నన్నాళ్లూ ఫిర్యాదు చేసేవాడుండడు. ఆగాక కూడా, కేసు పెడితే ఉన్నదీ పోతుందని నోరు మెదపరు. పైగా కాగితంలో డిపాజిట్ అన్న మాటే ఉండదు. అగ్రిగోల్డ్ కంపెనీ స్థలాల అడ్వాన్సుల పేరుతోనే వసూలు చేసింది. పలు రాష్ట్రాల్లో సుమారు 32 లక్షలమంది చిక్కుకున్నారు. గోడకు వేలాడే కంపెనీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌ను చూసి నమ్మొద్దు, దాంతో డిపాజిట్లు తీసుకునే అనుమతి రాదు. తక్కువ వడ్డీ అయితే భయం లేదనుకోవడమూ పొరపాటే: అమెరికాలో మేడాఫ్ అనే మోసగాడు ఏడాదికి పది శాతం చుట్టుపక్కలే లాభం చూపిస్తూ 2008 దాకా దొరకలేదు.

రిజిస్టరైన చిట్టీ దారి వేరు. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం మొదలుపెట్టకముందే రిజిస్ట్రారు అనుమతి తీసుకోవాలి, చిట్టీ మొత్తానికి సరిపడా సెక్యూరిటీ పెట్టాలి. ఆ ముందస్తు అనుమతి పత్రం (పీఎస్‌ఓ) నంబరు అడిగి రాసుకోండి. ఐదు లక్షల చిట్టీ, 25 మంది, నెలకు 20 వేలు అనుకుందాం. ఒకరు లక్ష తగ్గించి పాడితే, ఐదు శాతం కమీషన్ కింద 25 వేలు పోను 75 వేలు అందరికీ పంచుతారు. తలకు మూడువేలు తగ్గి, ఆ నెల 17 వేలు కడితే చాలు. చట్టం ఏడు శాతం దాకా కమీషన్ ఒప్పుకుంటుంది, ముందే అడగండి.

చిట్టీలో అసలు గండం పాట పాడాక వస్తుంది. "డబ్బు మా దగ్గరే ఉంచండి, రెండు రూపాయల వడ్డీ ఇస్తాం" అని ఓ ప్రామిసరీ నోటు చేతిలో పెడతారు. ఇక అది చిట్టీ కాదు. రిజిస్ట్రారు దగ్గరున్న సెక్యూరిటీ ఆ సొమ్ముకు వర్తించదు. జనం దగ్గర డిపాజిట్లు తీసుకునే హక్కే చిట్టీ కంపెనీకి లేదు. రాబోయే తేదీ వేసిచ్చే చెక్కు కూడా ఆ తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుంది. "వచ్చే నెల వేసుకోండి" అని మూడుసార్లు చెప్పించుకుంటే అది చిత్తుకాగితమే.

పోస్టాఫీసు నెలవారీ ఆదాయ పథకంలో 7.4 శాతం లెక్కన లక్షకు నెలకు దాదాపు 617 రూపాయలు. తక్కువే. కానీ కూతురి పెళ్లికి దాచిందీ, రిటైరైనప్పుడు వచ్చిందీ అక్కడే ఉండాలి. బ్యాంకు డిపాజిట్ కావాలంటే ఒక్కో బ్యాంకులో ఐదు లక్షలు దాటనివ్వకండి, బీమా అంతవరకే. నెలజీతం ఉండి, ఒకేసారి పెద్దమొత్తం కావాల్సినవాళ్లకు చిట్టీ మేలు. ఐదు రూపాయల స్కీము ఎవరికీ వద్దు.

అందులో ఇప్పటికే చేరివుంటే రసీదులన్నీ ఫోటో తీసుకుని పోలీసులకూ, రిజర్వు బ్యాంకు సచేత్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు ఇవ్వండి. ఇంకొకరిని మాత్రం చేర్పించొద్దు: అనుమతి లేని డిపాజిట్లను నిషేధించిన 2019 నాటి చట్టం కింద, తెలిసీ మాయమాటలు చెప్పి చేర్పించినవాళ్లకూ ఏడాది నుంచి ఐదేళ్ల జైలు.