సాల్బుటమాల్: మాత్రా, పొడా, పంపా, నెబులైజరా? ఏది మేలు?

ఉబ్బసంలో బిగిసిన ఊపిరి గొట్టాలను వదులు చేసే మందు సాల్బుటమాల్. మాత్ర, పొడి, పంపు (ఇన్‌హేలర్), నెబులైజర్: నాలుగింటిలోనూ మందు ఒకటే. అది ఊపిరి గొట్టాలకు ఏ దారిన చేరుతుందన్నదే తేడా.

ముందు మాత్ర సంగతి తేల్చేద్దాం. పంపు ఒక్క నొక్కులో వచ్చేది 100 మైక్రోగ్రాములు. మాత్రలో 4 మిల్లీగ్రాములు, అంటే 40 నొక్కుల మందు. అది కడుపులోంచి ఒళ్లంతా తిరిగి వస్తుంది కనుక చేతుల వణుకు, గుండెదడ ఎక్కువ. గుణం కనబడటానికి అరగంటైనా పడుతుంది. పంపుకు ఐదు నిమిషాలు చాలు. ‘పంపు అలవాటైపోతుంది, మాత్రే నయం’ అనేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి చూసుకోవాలి.

అసలు పోటీ పంపుకూ, గుళికలోని పొడిని పీల్చే రోటాహేలర్‌కూ. రెండూ వాడేవాళ్లు తికమకపడేది ఒక్కచోటే: పంపును మెల్లగా పీల్చాలి, పొడిని గట్టిగా లాగాలి. పంపును బాగా ఊపి, ఊపిరి వదిలి, పెదవులు బిగించి, పీల్చడం మొదలయ్యాక నొక్కాలి. నాలుగైదు సెకన్లు పీల్చి, పది సెకన్లు బిగబట్టాలి. ముందే నొక్కేస్తే మందు గొంతుకు కొట్టుకుని అక్కడే ఆగిపోతుంది.

రోటాహేలర్‌లో గ్యాసు ఉండదు, పొడిని లాగేది మన ఊపిరే. అందుకే ఆయాసం ముదిరినవాళ్లకూ చిన్నపిల్లలకూ అది అక్కరకు రాదు. అందులోకి ఊదితే తేమకు పొడి గడ్డకడుతుంది. ముసురు రోజుల్లో గుళికల సీసా మూత తీసి ఉంచినా అంతే. గుళికను మింగేసేవాళ్లూ ఉన్నారు!

మా ఓటు స్పేసర్ (మందు కాసేపు నిలిచే బోలు గొట్టం) తగిలించిన పంపుకే. నొక్కడం, పీల్చడం ఒకే క్షణంలో కుదరకపోయినా మందు వృథా కాదు. ఒక్క నొక్కు, ఐదారు మామూలు ఊపిర్లు, మళ్లీ ఊపి ఇంకో నొక్కు. రెండు మూడు కలిపి కొడితే చాలా మందు గోడలకే అంటుకుంటుంది. స్పేసర్‌ను సబ్బునీళ్లలో కడిగి గాలికి ఆరనివ్వాలి. గుడ్డతో తుడిస్తే పుట్టే స్థిర విద్యుత్తు మందును గోడలకు లాగేసుకుంటుంది. 200 నొక్కుల డబ్బా అయిపోయాక కూడా బుస్సుమంటుంది, వచ్చేది మాత్రం గ్యాసే. నీళ్లలో తేలుతుందా అని చూసే పరీక్షను నమ్మకండి. కౌంటరు లేకపోతే నొక్కులు రాసిపెట్టుకోండి.

నెబులైజర్ మందు ద్రవాన్ని పొగలా మార్చే యంత్రం. ఆ పొగ కంటికి కనబడుతుంది కాబట్టి దాని మీద గురి ఎక్కువ. ఓ మోస్తరు ఆయాసంలో స్పేసర్ పంపు దానికి తీసిపోదు, పైగా కరెంటు అక్కర్లేదు. ఆక్సిజన్ కావలసిన దశలో, ఆస్పత్రిలో దాని అవసరం వేరు. ఇంట్లో గంటకోసారి పెట్టుకుంటూ కూర్చుంటే విలువైన సమయం పోతుంది.

మాట పూర్తిగా రాకపోయినా, పెదవులు నీలబడినా 108కి ఫోన్ చేయాలి. సాయం అందేదాకా స్పేసర్‌తో 4 నుంచి 10 నొక్కులు, 20 నిమిషాలకోసారి.

ఏ సాధనమైనా సాల్బుటమాల్ గొట్టాలను కాసేపు వదులు చేస్తుందే తప్ప లోపలి వాపును తగ్గించదు. అందుకే 2019 నుంచి ఉబ్బసంపై అంతర్జాతీయ నిపుణుల సంస్థ ‘గినా’ మార్గదర్శకాలు పెద్దలకు దీన్నొక్కదాన్నే ఇవ్వొద్దంటున్నాయి. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ తోడుండాలి. మృగశిర కార్తెకు చేప ప్రసాదం మింగి వచ్చినా అది మానకూడదు. ఏడాదికి మూడు సాల్బుటమాల్ డబ్బాలు ఖాళీ అవుతుంటే డాక్టరుకు చెప్పండి. బీపీకి ప్రొప్రనొలాల్, కంటికి టిమొలాల్ చుక్కలు వాడుతుంటే అదీ చెప్పండి. అవి రెండూ గొట్టాలను బిగిస్తాయి, ఈ మందు పనికి అడ్డుపడతాయి.